పెద్ద బండి తక్కువకే వస్తున్నప్పుడు

ముప్పై రెండేళ్లు బళ్ల మధ్యే బతికాను. మొదట సాలూరులో లారీ గ్యారేజీ, తర్వాత విజయనగరంలో ఒక కార్ల షోరూము. షోరూములో ఎక్కువ కాలం సర్వీసు విభాగంలోనే ఉన్నాను. మధ్యలో నాలుగు నెలలు మాత్రం పాత కార్ల అమ్మకాల్లో కూర్చోబెట్టారు. చెప్పదలచుకున్నది ఆ నాలుగు నెలల సంగతి. మెడలో ట్యాగు వేసుకుని, కస్టమరు రాగానే మంచినీళ్ల గ్లాసుతో ఎదురువెళ్లే పిల్లలు ఇప్పుడు ప్రతి షోరూములోనూ కనిపిస్తారు. వాళ్లు ఇది చదివితే బాగుంటుంది. చదివి నన్ను తిట్టుకున్నా ఫరవాలేదు, నాకు అలవాటే.

సర్వీసులో నా పని పెద్ద విద్యేమీ కాదు. వచ్చిన బండిని చూడటం, ఓనరు చెప్పింది రాసుకోవడం, మెకానిక్కులకి అప్పజెప్పడం, సాయంత్రం బిల్లు వివరించి తాళం చేతికివ్వడం. కానీ అమ్మేవాళ్లకి లేని ఒక జ్ఞానం అక్కడ అబ్బుతుంది. అమ్మేవాడు బండిని పూలదండ వేసిన రోజు చూస్తాడు. మేము దాన్ని ఆ తర్వాత పదేళ్లు చూస్తాం. ఏది ఎప్పుడు మూలుగుతుందో, ఏ ఇంట్లో ఏ కారు గురించి మొగుడూ పెళ్లాం గొడవపడతారో మాకు తెలుస్తుంది.

అంత తెలిసిన నేను ఒకసారి ఘోరంగా తప్పు చేశాను. ముందు అది చెప్పాలి.

రిటైరైన ఒక హెడ్మాస్టరుగారు స్నేహితుడి కారులో మా వర్క్‌షాపుకి వచ్చారు. మాటల్లో, “కొత్త కారు కొందామనుకుంటున్నాను. పెట్రోలా, డీజిలా?” అని అడిగారు. నేను ఇంకో బండి కాగితాలు రాస్తూ, తలెత్తకుండానే, “డీజిలే సార్, లీటరుకి ఎక్కువ దూరం వస్తుంది” అన్నాను. ఆయన నా మాట పట్టుకుని లక్షకి పైగా ఎక్కువ పెట్టి డీజిలు కారు కొన్నారు. ఇంటి నుంచి రైతుబజారుకి, అక్కణ్నుంచి ఇంటికి తిప్పారు. ఈ కాలపు డీజిలు కార్లలో పొగ మసిని పట్టే ఫిల్టరు ఒకటి ఉంటుంది. బండి అప్పుడప్పుడూ దూరం పరిగెత్తితేనే ఆ మసి కాలిపోతుంది. ఊళ్లోనే తిరిగితే పూడుకుపోతుంది. పాపం ఆయన కారు నెలకోసారి ఎర్రలైటు వెలిగించుకుని మా గేటు ముందు నిలబడేది. మూడో ఏడు విసిగిపోయి మాకే అమ్మేశారు.

సంతకాలు పెట్టిన రోజు ఆయన కోప్పడలేదు. డాష్‌బోర్డు అరలోంచి గొడుగు, కళ్లజోడు డబ్బా తీసుకుని, “ఒక సంచీ ఉంటే ఇస్తావా బాబూ” అన్నారు. ఇచ్చాను. అప్పుడన్నారు: “లీటరుకి ఎంత దూరం వస్తుందో చెప్పావు. నేను నెలకి ఎన్ని లీటర్లు పోయిస్తానో అడగలేదు.” గొడుగు పట్టుకుని ఆటో ఎక్కి వెళ్లిపోయారు.

ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు. మర్నాడు ఒక పొడుగు నోటు పుస్తకం కొన్నాను. ఆపైన ఎవరు ఏ కారు గురించి అడిగినా, జవాబుకి ముందు నేనే ఐదారు ప్రశ్నలు అడిగి అందులో రాసుకోవడం మొదలుపెట్టాను. సర్వీసు కుర్రాళ్లు దాన్ని జాతకాల పుస్తకం అని ఎగతాళి చేసేవారు.

కొన్నేళ్లకి పాత కార్ల విభాగానికి కొత్త మేనేజరు వచ్చాడు. నా కంటే పదిహేనేళ్లు చిన్నవాడు. చెడ్డవాడు కాడు, నెలాఖరున పైనుంచి ఫోన్లు వచ్చే మనిషి, అంతే. ఒకరోజు నా దగ్గరకి వచ్చి, “గురువుగారూ, మీ మొహం చూస్తే జనం నమ్ముతున్నారు. ఆ మొహం నాకు అమ్మకాల్లో కావాలి” అన్నాడు. జీతం కొంచెం పెరిగింది. ఇంటి లోను ఇంకా రెండేళ్లుంది. వెళ్లాను.

మొదటి వారంలోనే ఆయన నాకు ఒక సూత్రం చెప్పాడు. “అబద్ధం చెప్పొద్దు. కానీ అడగనిది చెప్పక్కర్లేదు. చెప్పకపోవడం అబద్ధం కాదు కదా.” తలూపాను. ఊపినందుకు ఇప్పటికీ సిగ్గుపడతాను.

అప్పుడు మా యార్డులో ఒక నల్ల బండి ఉండేది. ఏడుగురు కూర్చునే ఎత్తైన డీజిలు బండి, పదేళ్లది. అందులో మొహం చూసుకుని తల దువ్వుకోవచ్చు, అంతలా పాలిష్ చేయించారు. దాని లోపలి సంగతి నాకు తెలుసు. సర్వీసులో ఉండగా దాని కాగితాలు రాసింది నేనే. ఇంజనులోకి డీజిలు చిమ్మే ఇంజెక్టర్లు రెండుసార్లు, క్లచ్చి ఒకసారి మార్చారు. ఇంజనుకి గాలి తోసే టర్బో అరిగిపోయి ఈలవేస్తోంది. టైర్లు నాలుగూ చివరికొచ్చాయి. నాలుగు నెలలుగా కదల్లేదని దాని ధర తగ్గిస్తూ తగ్గిస్తూ మూడున్నర లక్షలకి తెచ్చారు. పక్కనే నాలుగేళ్ల చిన్న తెల్ల పెట్రోలు కారు ఉండేది. దాని ధర మూడు లక్షల తొంభై వేలు.

నెలాఖరు వారంలో ఒక మధ్యాహ్నం అక్కాతమ్ముళ్లు వచ్చారు. అక్కకి నలభై అయిదు దాకా ఉంటాయి. చేతిలో ఆసుపత్రి కాగితాల సంచి. తమ్ముడు ఆరడుగుల మనిషి, సాలూరులో లారీ డ్రైవరు. పొద్దున్నే రాయపూర్ నుంచి తెచ్చిన లోడు దింపి, నిద్రకళ్లతోనే అక్కని తీసుకొచ్చాడు. అతని చూపు నేరుగా నల్ల బండి మీద పడింది.

“ఇదెంత సెప్తన్నారు?”

మేనేజరు చెప్పాడు. తమ్ముడు తెల్లదాని ధర కూడా అడిగి, అక్క వైపు తిరిగాడు. మా వైపు అక్కని అప్ప అంటారు. “సూడప్పా! పెద్దది తక్కువకి వస్తన్నాది. సిన్నదానికే ఎక్కువ సెప్తన్నారు. ఇంకేటి ఆలోసన?”

మేనేజరు మొహం వెలిగింది. “మీరు కూర్చోబెట్టండి గురువుగారూ, అడ్వాన్సు రసీదు పుస్తకం తెస్తాను” అని అద్దాల గదిలోకి వెళ్లాడు.

కూర్చోబెట్టాను. అలవాటు కొద్దీ అడిగాను, “బండి దేనికమ్మా?”

వాళ్లది పాతపట్నం దగ్గర పల్లె. వ్యవసాయం. ఆమె భర్తకి మూత్రపిండాలు పాడయ్యాయి. వారానికి రెండుసార్లు డయాలసిస్, బెడ్డు దొరికింది శ్రీకాకుళంలో. పోను రాను నూట ఇరవై కిలోమీటర్లు.

“బస్సులో ఎల్లేటప్పుడు బానే ఉంటారు బాబూ. వచ్చీటప్పుడే సచ్చిపోతన్నాం. నరసన్నపేటలో బస్సు మారాల. మొన్న అక్కడే కళ్లు తిరిగి పడిపోనారు. కారు కిరాయికి మాటాడితే వారం వారం ఆ డబ్బు మనవల్ల కాదు. అందుకని మెట్ట భూమి కొంత అమ్మీసినాం. ఆ డబ్బే ఇది.” సంచి మీద చెయ్యి వేసింది. “ఇది అయిపోతే మరి నేదు.”

తమ్ముడు అందుకున్నాడు. “మా బావ పడుకుని రావాల. అందుకే పెద్ద బండి.”

కారణం మంచిదే. అందుకే నాకు భయం వేసింది. నోటు పుస్తకం తీసి మధ్యలో గీత కొట్టి, అటు నల్లది, ఇటు తెల్లది అని రాశాను.

“అమ్మా, ఈ రోజు ఇచ్చే డబ్బు మొదటి మెట్టే. ఐదేళ్లు తిప్పితే ఏది ఎంత తింటుందో చూద్దాం” అన్నాను.

ఆమె కుర్చీ దగ్గరకి జరుపుకుంది. వారానికి రెండు ట్రిప్పులంటే ఏడాదికి పన్నెండు వేల పైచిలుకు కిలోమీటర్లని నేను కాగితం మీద వేసేలోపే ఆమె నోటితో చెప్పేసింది. జీడిపిక్కలు తూకం వేసి అమ్మే ఇల్లు, లెక్క గట్టిది. పెద్ద బండి లీటరుకి పదకొండు, చిన్నది పద్దెనిమిది. డీజిలు ధర కాస్త తక్కువైనా ఆ తేడా పూడదు. పెద్దదానికి వెంటనే నాలుగు టైర్లు కావాలి, పెద్ద టైర్లు. బీమా ఎక్కువ. సర్వీసుకి పోసే నూనె దాదాపు రెట్టింపు. అన్నిటికంటే ముఖ్యం, ఐదేళ్లు పోతే దాని రిజిస్ట్రేషను గడువు అయిపోతుంది. మళ్లీ ఫిట్‌నెస్సు, మళ్లీ పన్ను. అప్పుడు దాన్ని కొనేవాడు ఇనుము ధర అడుగుతాడు. చిన్నదైతే అప్పటికి తొమ్మిదేళ్లది, ఎవరో ఒకరు సగానికైనా తీసుకుంటారు.

“డ్రైవరు?” అని అడిగాను.

“తమ్ముడు నెలకి ఇరవై రోజులు లైనులోనే ఉంటాడు. ఊళ్లో ఒకడున్నాడు, ట్రిప్పుకింత అంటన్నాడు.”

అది రెండు వైపులా రాశాను. అన్నిటిలోకీ పెద్ద అంకె అదే అయింది. ఆమె దాన్ని చాలాసేపు చూసింది.

తర్వాత ఒక ప్రశ్న అడిగింది. ఇన్నేళ్లలో ఏ కస్టమరూ నన్ను అడగని ప్రశ్న. “బాబూ, దారిలో ఇది ఆగిపోతే ఎవులు బాగు సేస్తారు? ఆయన లోన ఉంటారు గదా.”

తెల్ల కారు మోడలు ఏ పల్లెటూరి మెకానిక్కుకైనా తెలుసు. నల్లదాన్ని కంప్యూటరు పెట్టి చూసేవాడు విజయనగరం, శ్రీకాకుళం దాటితే దొరకడు. ఆ ముక్క చెబితే ఆగదు, మిగతా అంతా చెప్పాలి. అద్దాల గదిలో మేనేజరు ఫోనులో ఎవరికో తల వంచుకుని జవాబు చెబుతున్నాడు. ఇంటి లోను గుర్తొచ్చింది. ఆవిడ అడిగింది కదా, ఇక ఇది అడగనిది కాదు అనుకున్నాను.

“ఒక్క నిమిషం అమ్మా” అని లేచి సర్వీసు విభాగానికి వెళ్లాను.

హెడ్ మెకానిక్కు టిఫిను డబ్బా ముందు కూర్చుని ఉన్నాడు. ఇరవై ఏళ్ల సావాసం మాది. నల్ల బండి ఫైలు కావాలన్నాను. చెయ్యి కడుక్కుని వచ్చి, బీరువాలోంచి తీసి, వెంటనే ఇవ్వకుండా పట్టుకున్నాడు.

“ఇది అక్కడ పెట్టీసి, నువ్వు ఇంటికెల్లిపోతావేటి?”

“ఏమో.”

“ఎల్లు మరి” అని ఇచ్చేశాడు.

ఫైలు వాళ్ల ముందు తెరిచాను. తమ్ముడికి మొదట కోపం వచ్చింది. “ఏటండీ, అమ్మీవోళ్లు మీరే, వద్దనీవోళ్లూ మీరేనా?” అన్నాడు. కానీ బళ్ల మనిషి కదా, కాగితం మీద వేలు పెట్టి చదువుతూ ఒక చోట ఆగాడు. “ఇంజెక్టర్లు రెండుసార్లా?” లేచి వెళ్లి తాళం తిప్పాడు. బానెట్టు ఎత్తి, తల పక్కకి వంచి విన్నాడు. ఆ ఈల అతనికీ వినిపించింది. తిరిగొచ్చి కూర్చుని, “వద్దప్పా” అన్నాడు. “మరి బావ ఎలాగ పడుకుంటాడు?” అని నన్నే అడిగాడు, ఇక నేనే చూడాలన్నట్టు.

తెల్ల కారు దగ్గరికి తీసుకెళ్లాను. డ్రైవరు పక్కసీటు తలగడ లాగేసి, సీటు పూర్తిగా ముందుకి జరిపి వెనక్కి వాలిస్తే, అది వెనక సీటుకి ఆనుకుని మంచంలా అవుతుంది. ఆమె నమ్మలేదు. “ఒరే, నువ్వు తొంగో, సూస్తాను.”

“నానెందుకప్పా...”

“తొంగోరా! మీ బావ కంటే నువ్వే పొడుగు.”

చెప్పులు విడిచి పడుకున్నాడు. ఆమె చుట్టూ తిరిగి చూసింది. మెడ దగ్గర చెయ్యి పెట్టింది. వెనక సీట్లో తను కూర్చుని, అక్కణ్నుంచి మొహం కనబడుతుందా లేదా అని చూసింది. ఇంకో రెండు ప్రశ్నలు నన్ను అడిగి, తమ్ముడి వైపు తిరిగి, “ఎలాగున్నాదిరా?” అంది. రాయపూర్ నుంచి మేలుకుని వచ్చిన మనిషి నిద్రపోయాడు, గురక కూడా మొదలైంది. ఆమె కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. “ఇదే ఇచ్చీయండి బాబూ.”

సరిగ్గా అప్పుడు మేనేజరు రసీదు పుస్తకంతో వచ్చాడు. తెల్ల కారులో కస్టమరు నిద్ర. బల్ల మీద నల్ల బండి ఫైలు. ఆయన అరవలేదు. నన్ను అద్దాల గదిలోకి పిలిచి తలుపు వేశాడు.

“టార్గెట్‌కి ఒక్క బండి దూరంలో ఉన్నాం గురువుగారూ.”

“ఆ ఒక్కటీ అమ్ముడైంది సార్. తెల్లది.”

“తెల్లది ఎవరైనా అమ్ముతారు. మిమ్మల్ని తెచ్చుకుంది నల్లదాని కోసం.” కుర్చీలో వెనక్కి వాలాడు. “రేపట్నుంచి మీరు సర్వీసుకి వెళ్లిపోండి. ఇక్కడ మీ వల్ల కాదు.”

ఉద్యోగమే పోతుందనుకుని లోపలికి వెళ్లినవాణ్ని. “థాంక్సండీ” అన్నాను. వెటకారం అనుకున్నాడు. నిజంగానే అన్నాను. పెరిగిన జీతం పోయినందుకు ఇంట్లో చీవాట్లు తిన్నాను గానీ, ఆ రాత్రి రెండు ముద్దలు ఎక్కువ తిన్నాను.

కథ ఇక్కడితో ఆగితే నేను చాలా గొప్పవాణ్నని మీరు అనుకుంటారు. ఆగలేదు.

మూడు వారాల తర్వాత, వాన పడుతున్న ఒక ఉదయం, డ్యూటీకి తయారవుతుంటే ఫోను మోగింది. ఆమె గొంతు.

“బాబూ, బండి ఆగిపోనాది. సారవకోట దాటినాం. తాళం తిప్పితే టిక్కుటిక్కుమంటన్నాది...”

లైను తెగిపోయింది. మళ్లీ చేస్తే కలవలేదు.

టిక్కుటిక్కు అనగానే నాకు అర్థమైంది. బ్యాటరీ. ఆ కారు బ్యాటరీ నీరసంగా ఉందని పరీక్షలో నేనే చూశాను. డెలివరీకి ముందు మార్పించాలని అనుకున్నాను. సర్వీసుకి తిరిగి వెళ్లే సంబరంలో కాగితం మీద రాయడం మరిచాను. ప్రపంచమంతటికీ లెక్కలు చెప్పిన నేను ఆ ఒక్క ముక్క రాయలేదు. వాన, రోడ్డు పక్కన ఆగిన కారు, అందులో డయాలసిస్‌కి వెళ్లాల్సిన మనిషి. నేను వంద కిలోమీటర్ల దూరంలో ఉన్నాను. చొక్కా గుండీలు తప్పుగా పెట్టుకుని వర్క్‌షాపుకి వెళ్లాను. హెడ్ మెకానిక్కు నా మొహం చూసి, సంగతి విని, తన ఫోనులోంచి కూడా ఆమె నంబరుకి కొడుతూ కూర్చున్నాడు. ఆ రెండు గంటల్లో ముగ్గురు కస్టమర్లు నాతో ఏదో చెప్పారు. ఒక్క మాట కూడా గుర్తులేదు.

పదిన్నరకి ఆమే చేసింది.

“ఆయన్ని లోనికి తీసికెల్లినారు బాబూ. అరగంట లేటయినాది, పరవానేదన్నారు.”

ఫోనుకి చెయ్యి అడ్డం పెట్టి, చేరిపోయారని హెడ్ మెకానిక్కుకి చెప్పాను.

“బాబూ, ఉన్నారా?”

“ఉన్నానమ్మా. బండి ఎలా వచ్చింది?”

“సారవకోటలో సైకిల్‌మోటార్లు బాగుసేసే అబ్బాయొకడు ఉన్నాడు. ఎవులో పోయి సెప్తే వానలో వచ్చీసినాడు. బ్యాటరీ పోనాదని కొత్తది తెచ్చి పెట్టినాడు. ఇంత తీసుకున్నాడు, సరైన రేటేనా? అది అడగడానికే సేసినాను.”

సరైన రేటే. చెప్పాను. తర్వాత మిగతాది కూడా చెప్పాను. ఆ బ్యాటరీ సంగతి నాకు ముందే తెలుసనీ, మరిచిపోయాననీ, ఆ డబ్బు నేను పంపుతాననీ.

“ముందే సెప్పుంటే ఊళ్లోనే మార్సుకుందుం గదా బాబూ. ఆయన కంగారుపడ్డారు.” ఆ మాట తగలాల్సిన చోటే తగిలింది. తర్వాత ఆవిడ గొంతు మెత్తబడింది. “డబ్బులొద్దు. బ్యాటరీ మా బండిలోనే గదా ఉన్నాది. తవరు టిపిను సేసినారా, నేదా?”

చెయ్యలేదు. ఫోను పెట్టేసి వర్క్‌షాపు వెనక్కి వెళ్లి, టైర్ల గుట్ట మీద కూర్చున్నాను. హెడ్ మెకానిక్కు టీ తెచ్చి పక్కన పెట్టి, నా చొక్కా గుండీలు చూపించి వెళ్లిపోయాడు.

నల్ల బండి సంగతి కూడా చెప్పేస్తాను. రెండు నెలలకి దాన్ని ఒక క్వారీ కాంట్రాక్టరు కొన్నాడు. అతనికి సొంత మెకానిక్కు ఉన్నాడు, గుంతల రోడ్లకి ఎత్తు బండే కావాలి. ఆ ఇంటికి ఆ బండి సరిగ్గా సరిపోయింది. ఫైలు ముందు పెట్టి, ధర ఇంకాస్త తగ్గించి అమ్మింది మా మేనేజరే. ఆయన మారిపోయాడని కాదు. తర్వాత గొడవ పడటం కంటే ముందు చెప్పడమే చవకని లెక్క చూసుకున్నాడు. అదీ మంచి లెక్కే.

నేను రిటైరైన ఏడాది, ఒక పెళ్లికి నరసన్నపేట వెళ్లాలి. శ్రీకాకుళం ఆర్టీసీ బస్సు కాంప్లెక్సు బయట మధ్యాహ్నం ఎండలో బస్సు కోసం నిలబడ్డాను. ఒక తెల్ల కారు నన్ను దాటి వెళ్లి, ఆగి, జాగ్రత్తగా వెనక్కి వచ్చింది. డ్రైవరు సీట్లో ఆమె.

“ఎక్కండి బాబూ, ఎటు?”

నోరు తెరుచుకుని చూస్తుంటే, “డ్రైవరుకిచ్చీ డబ్బు ఆ కాగితంమీద సూసినప్పుడే అనుకున్నాను” అంది. “కోతలయిపోయిన పొలాల్లో తమ్ముడు నేర్పినాడు. లైసెన్సు కూడా ఉన్నాది.”

ముందు సీట్లో ఆమె భర్త వెనక్కి వాలి నిద్రలో ఉన్నాడు. వెనక కిటికీకి తలానించి ఒక పెద్దాయన, ఆయనా నిద్రే. పక్క ఊరి మనిషట, అదే ఆసుపత్రి, అవే రోజులు. పెట్రోలు వంతులు వేసుకుంటున్నారట. ఆయన పక్కన మిగిలిన చోట్లో ఒదిగి కూర్చున్నాను.

హైవే ఎక్కాక చెవి పెట్టాను. బేరింగు మోత ఏమైనా ఉందా, బ్రేకు గీరుతోందా, క్లచ్చి జారుతోందా అని వెతికాను. ఏమీ దొరకలేదు. ఆమె అరవై దాటకుండా నడుపుతోంది. లారీ వస్తే తప్పుకుంటోంది. గేరు మార్చినప్పుడల్లా భర్త వైపు ఒకసారి చూస్తోంది. నేను అమ్మిన కారులో ప్రయాణం చెయ్యడం నాకు అదే మొదలు.

“బాబూ” అని ఎవరో భుజం తట్టారు. కళ్లు తెరిచాను. కారు ఆగి ఉంది. ఆమె వెనక్కి తిరిగి, మిగతా ఇద్దరూ లేవకుండా గొంతు తగ్గించి చెబుతోంది.

“దిగండి. నరసన్నపేట వచ్చీసినాం.”